ప్రాణం మీదికొచ్చిన పలకరింపు

పేర్లన్నీ మార్చాను. ఊరి పేరు అడగొద్దు. లాంకషైర్‌లో నూలు మిల్లులు మూతపడ్డా పొగగొట్టాలు మాత్రం ఇంకా నిలబడే ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి, వాటిలో ఒకటనుకోండి. మంచం చుట్టూ తెర లాగాక లోపల విన్నది బయట అనకూడదన్నది మా ఉద్యోగంలో మొదటి పాఠం. పేర్లు తీసేశాక కథ ఎవరిదీ కాదు గనక చెప్పుకోవచ్చు.

నేను పనిచేసేది పెద్దాసుపత్రిలో. మెడలో వేలాడే కార్డు మీద ముస్లిం చాప్లెయిన్ హాజ్రా అని ఉంటుంది. మా వాళ్లకి ఆ మాట నోరు తిరగదు, అందుకని దువా ఆపా, అంటే ప్రార్థనల అక్క, అంటారు. మంచాన పడ్డవాళ్ల పక్కన కూర్చోవడం, మాట్లాడితే వినడం, అడిగితే దువా చేయడం, డాక్టరు చెప్పింది వాళ్లకీ వాళ్లు చెప్పింది డాక్టరుకీ ఎక్కేలా చూడటం, ఇదీ పని. "ఊరికే కూర్చున్నందుకు జీతం కూడానా!" అని మా ఆడపడుచు బుగ్గలు నొక్కుకుంటుంది. ఓసారి వచ్చి కూర్చుని చూడమన్నాను. వచ్చింది. ఎవరో ముసలమ్మ దగ్గర కూర్చుని, ఆవిడ నోరు విప్పేలోపు తన మోకాళ్ల నొప్పుల కథంతా ఆవిడకే చెప్పి వచ్చింది.

ఇద్రీస్ నా దగ్గరికి శిక్షణకి వచ్చింది ఒక జూన్ నెలలో. ఇరవయ్యారేళ్ల కుర్రాడు. వాళ్ల తాతలు కూడా మా తాతల్లాగే గుజరాత్‌లో బరూచ్ దగ్గరి పల్లెల నుంచి మిల్లు పనికి వచ్చినవాళ్లే. మదరసాలో ఏళ్ల తరబడి చదివి మౌలానా అయ్యాడు. ఖురాను మొత్తం కంఠతా వచ్చు. గొంతెత్తి చదివితే మసీదులో ముసలాళ్లందరికీ కళ్లు చెమరుస్తాయి. ఆసుపత్రిలో ఉద్యోగం చేయాలంటే అదొక్కటే చాలదు, లెస్టర్‌లో ఒక కోర్సు చదివి, కొన్ని నెలలు మాలాంటి వాళ్ల వెనకాల వార్డుల్లో తిరగాలి. అంత చదివినవాణ్ణి తెచ్చి నా చేతిలో పెట్టి "వీడికి పలకరించడం నేర్పు" అన్నారు. చేపపిల్లకి ఈత నేర్పమన్నట్టుందే అనుకున్నాను. ఈ చేపపిల్లకి నిజంగానే ఈత రాదని తర్వాత తెలిసింది.

మా విభాగానికి పెద్ద రెవరెండ్ జూడిత్. చర్చి మనిషి, నాకంటే పెద్దది, మహా కొంటెది. కొత్తవాళ్లకి పాఠం చెప్పేటప్పుడు ఆవిడే రోగి వేషం కడుతుంది. ఇద్రీస్ వంతు వచ్చినప్పుడు కుర్చీలో కూలబడి "నాకు చాలా భయంగా ఉంది బాబూ" అంది. ఇద్రీస్ గొంతు సవరించుకుని ఓర్పు గురించి మొదలుపెట్టాడు. అయ్యూబ్ ప్రవక్త పడ్డ కష్టాలన్నీ వరసగా చెప్పుకుపోయాడు. ఆవిడ మెల్లగా కళ్లు మూసి తల వాల్చేసింది.

"రెవరెండ్! ఏమైంది?" అన్నాడు వాడు కంగారుగా.

"నేనెప్పుడో పోయాను నాయనా. నువ్వు చూసుకోలేదు" అంది ఆవిడ కళ్లు తెరవకుండానే.

ఆ రోజు వాణ్ణి పక్కకి పిలిచి చెప్పాను. "చూడు, ఒక్క ప్రశ్న అడుగు. మీకేమనిపిస్తోంది అను. తర్వాత నోరు మూసుకో."

"అదీ ఒక ప్రశ్నేనా ఆపా? ఏడేళ్లు చదివింది ఈ ముక్క అడగడానికా?"

"ఏడేళ్లూ మాట్లాడటం నేర్చుకున్నావు. ఊరుకోవడం నేర్చుకోడానికి ఇంకో ఏడేళ్లు పడుతుంది మరి. ఇంకోటి విను. మనిషి నిద్రపోతుంటే వెనక్కి వచ్చెయ్. మంచం పక్కన నిలబడకు."

సరేనన్నాడు. ఆ చెవితో విని ఈ చెవితో వదిలేశాడని వారం తిరక్కుండానే తెలిసింది.

ఆ వారం మూసా కాకా ఆసుపత్రిలో చేరాడు. డెబ్బై దాటిన మనిషి. మిల్లు మూతపడేదాకా మగ్గాల దగ్గరే పనిచేశాడు. ఊరి చివర మున్సిపాలిటీ వాళ్లు అద్దెకిచ్చే చిన్న తోటముక్కలో మెంతికూర పండిస్తాడు, శుక్రవారం నమాజు కాగానే క్యారమ్స్ ఆడతాడు, మిగతా టైములో అందరితో పోట్లాడతాడు. గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, పైగా చీము పట్టింది. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్. రోజూ జరిగే ఆపరేషనే. కాకపోతే ఆలస్యం చేస్తే లోపల పగిలి ఒళ్లంతా విషమవుతుందని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పింది. కాకా సరేనని తలూపాడు. నొప్పికి మందిచ్చారు, నిద్రపోయాడు.

సరిగ్గా అప్పుడు ఇద్రీస్ ఆ వార్డులోకి వెళ్లాడు. తెల్లటి పొడుగు జుబ్బా, తెల్ల టోపీ, గుండెల మీదికి దిగిన నల్లటి గడ్డం. మనిషి నిద్రలో ఉన్నాడు. వెనక్కి వచ్చెయ్యాలి కదా? రాలేదు. వాడికి రోజూ పొద్దున్నే ఖురానులోని యాసీన్ సూరా చదివే అలవాటు. ఆ పూట బస్సు దొరకదేమోనన్న హడావిడిలో సగమే అయింది. కాకా పక్కన నిలబడి మిగతా సగం పూర్తి చేస్తే తన బాకీ తీరుతుంది, కాకాకీ పుణ్యం వస్తుంది అనుకున్నాడు. రెండు చేతులూ కట్టుకుని, తల వంచుకుని, ఆ మంచి గొంతుతో మెల్లగా మొదలుపెట్టాడు.

యాసీన్ మా వాళ్లు ఇంట్లో ఎప్పుడైనా చదువుతారు. కానీ మంచాన ఉన్న మనిషి దగ్గర మౌలానా నిలబడి చదివాడంటే దానికి ఒకటే అర్థం. ఆ మనిషి వెళ్లిపోతున్నాడని.

ఎదురు మంచంలో ఉన్న మామగారిని చూడ్డానికి బిల్కీస్ బెన్ వచ్చి ఉంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. తెర సందులోంచి చూసింది, చేతిలో కమలాపండు అలాగే వదిలేసి వరండాలోకి పరుగెత్తింది. మొదటి ఫోను మసీదు కమిటీకి. రెండోది వాళ్ల చెల్లెలికి. ఇక మూడోది ఎందుకు?

మా ఇళ్లలో వంటింటి కిటికీ మీద ఒక చిన్న రేడియో పెట్టె ఉంటుంది. మసీదులో ఇచ్చే అజాన్ అందులో వినిపిస్తుంది, చావు కబుర్లూ అందులోనే వస్తాయి. ఆ మధ్యాహ్నం అందరిళ్లలోనూ ఆ పెట్టె గరగరమని, "మిల్లులో పనిచేసిన మూసా కాకా పరిస్థితి చాలా విషమంగా ఉంది, అందరూ దువా చేయండి" అంది. ఉల్లిపాయలు తరుగుతున్న మూసా కాకా భార్య రాబియా మాసీ కూడా ఆ సంగతి ఆ పెట్టెలోనే విన్నది. పొద్దున తను వచ్చేసేటప్పుడు టీ ఇవ్వడం లేదని నర్సుతో గొడవపడుతున్న మనిషి! ఆవిడ కత్తి అక్కడే పడేసి, కాలికి ఒక చెప్పూ ఒక బూటూ తొడుక్కుని బయల్దేరింది. దారిలో ఫోను మోగింది. ఖననాల సంగతి చూసే కమిటీ ఆయన. "చెల్లీ, నువ్వు ధైర్యంగా ఉండు. శనివారానికైతే స్థలం ఉంది, ఆదివారమైతే కొంచెం కష్టం" అన్నాడట.

నేను కింద ఆఫీసులో ఉన్నాను. వార్డు సిస్టర్ కరోల్ ఫోన్ చేసి, "హాజ్రా, మీ వాళ్లు యాభై మంది వచ్చారు. ఒకాయన బిందెడు పలావు పట్టుకొచ్చాడు. నా వార్డులో ఏం జరుగుతోందో నువ్వు చెప్తావా, నేను సెక్యూరిటీని పిలవనా?" అంది.

పరుగున పైకి వెళ్లాను. వరండా అంతా జనం. ఆడవాళ్లు ముక్కులు చీదుతున్నారు, మగవాళ్లు తస్బీ పూసలు తిప్పుతున్నారు. వేడివేడి అఖ్నీ పలావు వాసన ఘుమ్మంటోంది. లోపల మూసా కాకా దిండ్లకి ఆనుకుని బిత్తరపోయి చూస్తున్నాడు. నిద్రలేచేసరికి పెళ్లాం కాళ్ల మీద పడి ఏడుస్తుంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? పైగా ఆపరేషన్ కోసం పొద్దుటి నుంచీ మంచినీళ్లు తప్ప ఇవ్వలేదు. తిండి కూడా ఆశ వదిలేసుకున్నాకే మానేశారనుకున్నాడు.

"నాకన్నీ అర్థమయ్యాయి ఆపా. దాచకండి" అన్నాడు నన్ను చూసి. "యాసీన్ నేను నిద్రలోనే విన్నాను. ఇంకా నా పొట్ట కోయడమెందుకు? నన్ను ఇంటికి పంపించెయ్యండి. నా మంచం మీద నేను పోతాను."

డాక్టరు వచ్చి చెప్పింది. నేను చెప్పాను. రాబియా మాసీ గడ్డం పట్టుకుని బతిమాలింది. "మీరు పోవడం లేదు కాకా, ఈ కుర్రాడు పొరపాటున చదివాడు" అని నేనంటే, "మౌలానాలు పొరపాటున చదవరు, మీరు మెల్లగా చెబుదామనుకున్నారు" అన్నాడు. మొండిఘటం. మనిషి వద్దంటే ఎవరూ కత్తి పెట్టలేరు. డాక్టరు నన్ను పక్కకి తీసుకెళ్లి, "రేపు పొద్దున్నకి ఒప్పుకోకపోతే ఆయన అన్నంత పనీ అవుతుంది" అంది.

ఇద్రీస్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "నా వల్లే ఆపా. నేనే ఒప్పిస్తాను" అని లోపలికి వెళ్లాడు. నేను తెర దగ్గర నిలబడ్డాను.

"కాకా, అల్లా మందు లేని జబ్బుని సృష్టించలేదని ప్రవక్త చెప్పిన హదీసు ఉంది. వైద్యం చేయించుకోవడం మన బాధ్యత" అన్నాడు.

"నిజమే మౌలానా సాబ్. పొట్ట జబ్బుతో పోయినవాడు షహీదు అని కూడా హదీసు ఉంది కదా?"

"ఉంది, కానీ..."

"గట్టి హదీసేనా?"

"గట్టిదే."

"గాల్‌బ్లాడర్ పొట్టలోనే కదా ఉండేది? ఉచితంగా స్వర్గానికి టికెట్టు వస్తుంటే చింపుకోమంటారేంటి?"

ఇద్రీస్ ఏడేళ్ల చదువూ అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కుంది. బయటికి వచ్చి గోడకి ఆనుకున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు పలకరించడానికి వెళ్లావా, వాదన గెలవడానికి వెళ్లావా? గెలిచావా? లేదు. పోనీ ఆయన గుండెల్లో ఏముందో తెలుసుకున్నావా? అదీ లేదు. వెళ్లి ఆయన పక్కన కుర్చీలో కూర్చో. హదీసు చెప్పావంటే ఆ అఖ్నీ బిందె నీ నెత్తిన బోర్లిస్తాను."

వాడు బుద్ధిగా వెళ్లి కూర్చున్నాడు. ఈలోగా నేను సిస్టర్ కరోల్‌తో బేరం కుదుర్చుకున్నాను. మంచం దగ్గరికి ఒక్కొక్కరే వెళ్లాలి, కాపలా నాది, అఖ్నీ నర్సుల గదికి. ఆఖరి షరతుకి కరోల్ కొంచెం మెత్తబడింది.

మా వాళ్లలో ఒక ఆచారం ఉంది. పోయేవాళ్ల దగ్గరికి వెళ్లి, "అన్నవీ విన్నవీ మాఫీ చెయ్యి" అని అడుగుతారు. బతికుండగా మాఫీ దొరక్కపోతే కయామత్ రోజున, లోకం అంతమయ్యే నాడు, అల్లా ముందు లెక్క చెప్పాలి. ఆ భయంతో ఆ రోజు వరండాలో వరస కట్టింది ఊరు.

మొదట పక్కింటి సులేమాన్ భాయ్. "కాకా, మీ గేటు విరగ్గొట్టింది చెత్త లారీ కాదు, మావాడి కారు. మాఫీ చెయ్యండి."

"చేశాను నాయనా" అన్నాడు కాకా నీరసంగా, గొప్ప మనసుతో.

తర్వాత మాంసం కొట్టు ఆయన. "కీమాలో అప్పుడప్పుడూ కొవ్వు కలిపాను."

"అప్పుడప్పుడూనా?"

"తరచుగా."

"ఊ. చేశాను" అన్నాడు కాకా. ఈసారి గొంతు కొంచెం బిగుసుకుంది.

ఆ తర్వాత మసీదులో నమాజుకి ముందు వరసలో నిలబడే ఒక పెద్దమనిషి, ఈద్ రోజున పోయిన కాకా కొత్త బూట్లు తనే తొడుక్కెళ్లానన్నాడు. చూసుకోకుండా తొడుక్కున్నానని, ఇంటికెళ్లాక చూస్తే సరిగ్గా సరిపోయాయని, ఇక మనసొప్పలేదని చెప్పాడు. కాకా దిండు మీంచి కొంచెం లేచి ఆయన కాళ్లవైపు చూశాడు. అవే బూట్లు.

బిల్కీస్ బెన్ వంతు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "మీ తోటలో మెంతికూర నేనే కోసుకున్నాను భాయ్."

"ఎప్పుడు?"

"ఏటా."

"కుందేళ్లనుకున్నానే!" అన్నాడు కాకా. "ఆ నోరులేని జీవాల్ని ఎన్ని తిట్లు తిట్టాను! మాఫీ నన్ను కాదు, వాటిని అడుగు!"

తెర వెనక నేను పెదవులు బిగపట్టుకుని నిలబడ్డాను. ఇద్రీస్ కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు, వాడి భుజాలు మాత్రం చిన్నగా అదురుతున్నాయి. నవ్వో ఏడుపో వాడికే తెలియాలి. కాకా చెంపల్లోకి కాస్త రంగు వచ్చింది. అయినా డాక్టరు మళ్లీ వచ్చి అడిగితే, "వద్దమ్మా. పోయేముందు లోకం తీరు తెలిసింది, అంతే చాలు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వరండా చివర కిటికీ దగ్గర హాసిం కాకా చాలాసేపటి నుంచీ నిలబడి ఉన్నాడు. మూసా కాకా, ఆయనా ఒకే విమానంలో ఈ దేశం వచ్చారు, ఒకే గదిలో ఒకే పరుపు మీద పడుకున్నారు. ఒకరు రాత్రి షిఫ్టు, ఒకరు పగలు. తర్వాత మిల్లులో ఒకే షిఫ్టు, పక్కపక్క మగ్గాలు. ఇద్దరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోగా ఎవరూ విన్లేదు. ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకోవడమే. రాబియా మాసీ వెళ్లి ఆయన దగ్గర బావురుమంది. "మీ మాటైనా వింటాడేమో చెప్పండి భాయ్. రేపు కోయకపోతే పోతాడంటున్నారు."

"నేను చెబితే అస్సలు వినడు" అన్నాడు హాసిం కాకా. కాసేపు కిటికీలోంచి కార్లు నిలిపిన చోటు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు. "ఆపా, నన్నొక్కసారి లోపలికి పంపించు. నేనూ మాఫీ అడగాల్సింది ఒకటుంది."

వెళ్లి మంచం చివర నిలబడ్డాడు. కూర్చోలేదు.

"ఒరేయ్, ఇటు తిరుగు."

"నువ్వు కూడానా?" అన్నాడు మూసా కాకా గోడతోనే. "నువ్వేం దొంగిలించావు?"

"కప్పు."

మూసా కాకా ఇటు తిరిగాడు.

ఆ కప్పు సంగతి మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు. మిల్లు మూతపడ్డ ఏడాది క్లబ్బులో ఆఖరి క్యారమ్స్ పోటీ. ఫైనల్లో వీళ్లిద్దరే. రెడ్డు, అదే ఆ ఎర్ర బిళ్ల, ఎవరికి పడితే వాళ్లదే ఆట. అది హాసిం కాకాకి పడింది. అప్పటి నుంచీ ఆ కప్పు వాళ్లింటి అద్దాల బీరువాలో ఉంది. మూసా కాకా వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా ఆ బీరువాకి వీపు పెట్టి కూర్చుంటాడు.

"రెడ్డు అంచు మీద ఆగిపోయింది చూడు" అన్నాడు హాసిం కాకా తల వంచుకుని. "కొట్టేముందు బోర్డు మీదికి వంగాను. అప్పుడు చొక్కా చేతి అంచుతో దాన్ని పాకెట్ వైపు జరిపాను. ఎవరూ చూళ్లేదు. మాఫీ చెయ్యరా."

మూసా కాకా మొహం ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. ఇంత కోపంతో పోతే ఎలాగని, హాసిం కాకా వెనకే వచ్చిన రాబియా మాసీ ఇద్రీస్ చెయ్యి పట్టుకుంది. "మౌలానా సాబ్, చెప్పండి. క్షమించమని చెప్పండి. మీరు చెబితే వింటారు."

క్షమించడం గురించి వాడికి ఎన్ని ఖురాను ఆయతులు వచ్చో, ఎన్ని హదీసులు వచ్చో నాకు తెలుసు. ఒక్కటి చదివాడంటే చాలు. మూసా కాకా కన్నీళ్లు పెట్టుకుని మాఫీ చేసేస్తాడు. మాఫీ చేసేశాక ఇక ఈ లోకంలో ఆయనకి పనేం మిగలదు. వాడు నోరు తెరిచాడు. నేను తెరని గుప్పిట్లో పట్టుకున్నాను. వాడు నోరు మూసుకున్నాడు. ఒక్క క్షణం ఆగి కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.

"కాకా, మీకేమనిపిస్తోంది?" అన్నాడు.

"ఏమనిపిస్తోందా!" మూసా కాకా అరుపుకి పక్క మంచాలవాళ్లు కూడా లేచి కూర్చున్నారు. "వీణ్ణి బోర్డు ముందు కూర్చోబెట్టి, ఊరంతా చూస్తుండగా, చిత్తుచిత్తుగా ఓడించాలనిపిస్తోంది! ఇన్నేళ్లు! ఇన్నేళ్లు వాడి బీరువాకి వీపు పెట్టుకుని టీ తాగాను! మాఫీ లేదు. చచ్చినా చెయ్యను!"

"కయామత్ రోజున లెక్క చెప్తాలేరా" అన్నాడు హాసిం కాకా చిన్నగా.

"కయామత్ దాకా ఎవడాగుతాడురా? అక్కడ క్యారమ్ బోర్డు ఉంటుందో లేదో! ఆ డాక్టరమ్మ ఏది? ఎక్కడికి పోయింది? పిలవండి. ఈ దిక్కుమాలిన రాళ్లు ఎన్నింటికి తీస్తుందో అడగండి!"

నేను బయటికి వచ్చి, నర్సుల గదిలో అఖ్నీ తింటున్న డాక్టరుని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. సంతోషం పట్టలేక దారిలో సిస్టర్ కరోల్‌ని ముద్దు పెట్టుకున్నాను కూడా. ఆవిడ మూతి దగ్గర మెతుకు తుడుచుకుంటూ, "ఏం చేశారు మీరిద్దరూ?" అంది. "మా కుర్రాడు నోరు మూసుకున్నాడు" అన్నాను. నాకు అంత గర్వంగా మా అబ్బాయి డిగ్రీ తెచ్చుకున్న రోజు కూడా అనిపించలేదు.

మర్నాడు పొద్దున ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్తుంటే మూసా కాకా కలిమా చదువుకోవడం పూర్తిచేసి, వెంట నడుస్తున్న ఇద్రీస్‌కి పనులు అప్పజెప్పాడు. బోర్డు మీద చల్లే పౌడరు కొత్తది కొనాలి, క్లబ్బు బోర్డు వంకర, మసీదు కింది గదిలోది బావుంటుంది. తలుపులు మూసుకునేదాకా చెబుతూనే ఉన్నాడు.

రాబియా మాసీ, కూతురు సఫియా కింద నమాజు గదిలో కూర్చున్నారు. బయట బెంచీ మీద హాసిం కాకా ఒక్కడే. ఇంటికి వెళ్లమంటే వెళ్లలేదు, టీ ఇస్తే తాగలేదు. ఇద్రీస్ ఆయన పక్కన కూర్చున్నాడు, ఏమీ అడక్కుండా. నేను ఇవతల కుర్చీలో.

డాక్టరు బయటికి వచ్చి మాస్కు తీసి నవ్వింది. అంతా బాగా జరిగింది, ముసలాయన మెలకువ రాగానే స్కోరెంత అని అడిగాడని చెప్పింది. సఫియాకి ఫోన్ చేస్తే అవతల తల్లీకూతుళ్లిద్దరూ ఒకేసారి ఏడ్చారు, ఒకేసారి నవ్వారు. నేనూ అంతే.

హాసిం కాకా మాత్రం అల్‌హమ్దులిల్లా అని రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. చాలాసేపటికి తలెత్తాడు.

"మౌలానా సాబ్, ఒకటి అడగొచ్చా? అబద్ధం ఆడితే పాపమే కదా?"

ఇద్రీస్ ఆయనవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఆ రెడ్డుని నేను జరపలేదు" అన్నాడు హాసిం కాకా. "న్యాయంగానే పడింది. నా జన్మలో నేను గెలిచింది అదొక్కటే. వాడు నా మాట వినడు, డాక్టరు మాట వినడు, అల్లా మాటనైనా ఎదురు వాదిస్తాడు. కోపమొస్తే మాత్రం లేచి కూర్చుంటాడు. నాకు తెలుసు. వాడి పక్క మగ్గం నాదే కదా."

వచ్చే శుక్రవారానికి ఊరంతా ఈయన్ని దొంగ అంటుంది. రేడియో పెట్టెలో చెప్పకపోయినా బిల్కీస్ బెన్ చెబుతుంది.

"జనం ఏమన్నా అనుకోనీ" అన్నాడు ఆయన, నా మనసులో మాట విన్నట్టు. "కప్పు వాడికే ఇచ్చేస్తాను. కానీ ఒక చిక్కుంది. ఆ రోజు కప్పు పట్టుకుని దిగిన ఫోటో మా ముందు గదిలో గోడకుంది. ఎండాకాలం. నేను పొట్టి చేతుల చొక్కా వేసుకున్నాను, దాని అంచు బోర్డుకి ఎక్కడ తగులుతుంది. వాడు కప్పు చూడలేక ఎప్పుడూ ఆ ఫోటోని కూడా సరిగ్గా చూళ్లేదు. ఇప్పుడు చూస్తాడు. వాడు ఇంటికొచ్చేలోపు తీసెయ్యాలి."

షరియత్ ప్రకారం ఆ అబద్ధం పాపమో కాదో ఇద్రీస్‌కి తెలుసు. మనుషుల్ని కలపడానికి ఆడే మాట గురించి పెద్దలు ఏమన్నారో పేజీలతో సహా చెప్పగలడు. ఏమీ చెప్పలేదు. హాసిం కాకా లేచి మోకాళ్లు సవరించుకునేదాకా ఆగి, తనూ లేచాడు.

"మేకు ఎత్తులో ఉంటుందా కాకా?" అన్నాడు. "పదండి, మీరెక్కి తీయండి. నేను కుర్చీ పట్టుకుంటాను."